మే నెలలో హీటరు

పక్కవాళ్ల పనిలో తల దూర్చడం నాకు చిన్నప్పటి జబ్బు. పెనుకొండలో నా జిరాక్స్ కొట్టును ఆనుకునే తిప్పన్న ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉండడంతో అది ఇంకా ముదిరింది. ఆ రోజు ఒక పాత మోరిస్ కారు వచ్చి ఆగింది. అందులోంచి దిగిన పెద్దమనిషి అన్న మాట విని, చేతిలో కాగితాలు అక్కడే పడేసి వెళ్లాను.

"హీటరు ఫ్యాను స్విచ్చి పనిచెయ్యడంలేదప్పా. బాగు చెయ్యాల."

మే నెల. బయట నలభై రెండు డిగ్రీలు. తిప్పన్న ఆయన్నీ, ఎండనీ మార్చి మార్చి చూశాడు.

"హీటరా సార్? ఇప్పుడా?"

ఆయన చంద్రమోహన్, హిందూపురంలో రిటైరైన లెక్కల మాస్టరు. ఏమీ దాచకుండా చెప్పుకొచ్చాడు. ఇరవై రెండేళ్ల కిందట భార్యను కొండ మీది గుడికి తీసుకెళ్తుంటే సగం దారిలో ఇంజను మరిగి ఆగిపోయింది. కళావతమ్మ ఎండలో కిందికి నడిచింది. బండి నడపడం మీకు రాదంది. మళ్లీ ఆ కారెక్కలేదు. ఇప్పుడు ఒక్కసారి ఎక్కుతానంది. ఈసారీ మరిగితే కారు పాత ఇనుముకు పోవాల్సిందే.

"ఆ పొద్దు దారిలోనే ఒక లారీ డ్రైవరు చెప్పినాడు. ఎక్కుడులో హీటరు ఫ్యాను వేస్తే ఇంజను వేడి లోపలికి లాగేస్తాదంట. మనం ఉడికినా బండి చల్లబడుతాదంట."

ఆ కిటుకు నాకు భలే నచ్చింది. తిప్పన్నకు ఇంకా నచ్చింది.

తిప్పన్నది ధర్మవరం. ఇంట్లో అందరూ పట్టుచీరలు నేసేవాళ్లే. చిన్నప్పుడు అవ్వ పక్కన కూర్చుని, మగ్గం మీద అయిపోవచ్చిన పడుగుకు కొత్త పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతికేవాడు. నేత అబ్బలేదు గానీ ఆ మెలి వేళ్లలో ఉండిపోయింది. వైర్లు అతికినా అదే మెలి, దాని మీద పట్టుదారం, ఆపైన టేపు. టేపు ఊడినా దారం ఊడదంటాడు. పక్కనే ఎర్రమంచి ఫ్యాక్టరీలో తయారయ్యే కొత్త కార్ల జోలికి పోడు. వాటికి కంప్యూటరు తగిలించాలి.

స్విచ్చి విప్పాడు. లోపలి ఇత్తడి రేకులు చిలుమెక్కి ఉన్నాయి. గరుకు కాగితంతో రుద్ది, అరిగిపోయిన రేకు స్థానంలో పాత హారన్ లోని రేకు కత్తిరించి పెట్టాడు. తిప్పితే టక్కుమంది. ఫ్యాను మాత్రం తిరగలేదు.

"యాడో వైరు తెగిండాది," అని డాష్‌బోర్డు కిందికి దూరాడు. కాసేపటికి తిట్లు మొదలయ్యాయి. "ఏ గాడిదో హీటరు వైరు కోసి, పైనున్న బుల్లి ఫ్యానుకు ఇచ్చినాడు సార్. మన సీమలో హీటరు ఎందుకులే అనుకున్నాడు, తెలివి లేనోడు."

ఊరుకోలేక నేనూ రెండు తిట్లు కలిపాను.

టేపు చీల్చిన చప్పుడు వినిపించింది. తిప్పన్న బయటికి వచ్చాడు. చేతిలో వైరు ముక్క, దాని అతుకు చుట్టూ ఆకుపచ్చ పట్టుదారం.

"సార్, ఈ బండి ముందెప్పుడన్నా నా దగ్గరికి వచ్చిండెనా?"

"ఏమోనప్పా. అప్పట్లో రిపేర్లన్నీ మా తమ్ముడు చేయించేవాడు."

"ఆ గాడిద నేనే సార్."

మాస్టరు ఆ దారాన్ని వేలితో తడిమాడు. "ఆ పొద్దు కొండ మీద స్విచ్చి తిప్పినా బండి చల్లబడలే. ఇన్నేండ్లూ నాకు నడపడం రాదనే అనుకుంటి," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. అందుకే తిప్పన్న సిగ్గుతో చచ్చిపోయాడు. నా తిట్లు వెనక్కి తీసుకునే దారి నాకూ దొరకలేదు.

"అమ్మకు నేనే చెప్తా సార్," అన్నాడు తిప్పన్న. బుల్లి ఫ్యానుకు వేరే వైరు లాగి, హీటరు వైరును దాని పాత చోటే అతికాడు.

ఆదివారం కొండెక్కాం. ముందు దంపతులు, వెనక తిప్పన్న, ఎవరూ పిలవకుండానే ఎక్కిన నేను. మలుపుల్లో వేడి చూపే ముల్లు ఎరుపు దగ్గరికి పోగానే మాస్టరు స్విచ్చి తిప్పాడు. వేడిగాలి కాళ్లను కొట్టింది. నలుగురం చెమటతో తడిసిపోయాం. ముల్లు మెల్లగా దిగింది. కారు గుడి దాకా వెళ్లి ఆగింది.

తిప్పన్న దిగి అంతా చెప్పాడు. "తప్పు సార్‌ది కాదమ్మా. ఆ ఫ్యాను కోసం హీటరు వైరు కోసింది నేను."

కళావతమ్మ మొహం తుడుచుకుంటున్న కొంగు ఆపి, ఎదురుగా తిరుగుతున్న బుల్లి ఫ్యానును చూసింది.

"అప్పట్లో ఫ్యాను పెట్టిస్తేగానీ బండెక్కనని పట్టుబట్టింది నేనప్పా," అంది. భర్త వైపు తిరిగింది. "ఇదంతా ఈ ఫ్యాను వల్లేనని మీకు తెలిసి ఎన్ని దినాలైంది?"

"నాలుగు."

"నన్నొక మాట అనింటే పోయేది గదా."

"ఇన్నేండ్లకు బండెక్కితివి. ఇంకేం అనాల?" అన్నాడు మాస్టరు.