బండి ఆపుతలేరు

మంత్రులను ప్రశ్నలు అడగడం నా ఉద్యోగం. నేరుగా కాదు లెండి. నేను రాస్తాను, మా సారు అడుగుతాడు. మా సారు ఎంపీ. ఏ పార్టీ, ఏ సీటు అని చెప్పను. చెబితే ఆయన సంబరపడతాడు, ఆయన సంబరపడితే నాకు పని పెరుగుతుంది.

జిల్లా కేంద్రంలో ఆయన ఆఫీసు ఉంది. అందులో బాత్‌రూము పక్క గోడకు ఆనించి నా టేబుల్. తెలుగులో ఎమ్మే చదివినవాడికి ఇంతకంటే మంచి కొలువు దొరకదని మా చుట్టాలంతా అన్నారు. నేను కూడా కొన్నాళ్లు అట్లాగే అనుకున్నాను. తీరా చేరాక తెలిసిందేమంటే, పార్లమెంటు ప్రశ్న రాయడానికి ఎమ్మే అక్కర్లేదు, మూస ఒక్కటి చాలు. (అ) ఫలానా సంగతి వాస్తవమేనా? (ఆ) అయితే, వివరాలేమిటి? (ఇ) కాకపోతే, కారణాలేమిటి? ఇంతే. "ఎందుకిట్లా చేసి సచ్చినవయ్యా" అని అడగాలని ఉన్నా "వాస్తవమేనా" అనే అడగాలి.

జవాబులకూ మూసలున్నాయి. "పరిశీలనలో ఉంది" అంటే ఎవరూ చూడలేదని. "ఇది నిరంతర ప్రక్రియ" అంటే ఎన్నటికీ కాదని. అన్నింటికంటే గొప్పది "ప్రశ్న ఉత్పన్నం కాదు". మొదటి దానికి "కాదు" అన్నారంటే చాలు, తతిమ్మా ప్రశ్నలు కడుపులోనే పోతాయి. టోల్ గేట్ల మీద రాశాను. గుంతల మీద రాశాను. లారీలకు ఎక్కువ లోడు, ఆటోలకు తక్కువ లైసెన్సులు, పాత బండ్లను తుక్కు చేసే నియమాలు, హెల్మెట్లు, అన్నింటి మీదా రాశాను. నా ప్రశ్నతో పూడిన గుంత ఒక్కటి కూడా నాకు తెలిసి లేదు.

మా సారుకు నక్షత్రం మీద మోజు. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెప్పాలి. గుర్తు లేనిదానికి కాగితం మీద రాసి పడేస్తారు. లేచి చెప్తే టీవీలో మంత్రి కనిపిస్తాడు, మంత్రి వెనకాల ఎక్కడో సారు కూడా కనిపిస్తాడు. ఏ ప్రశ్న తీసుకోవాలో లాటరీలో తేలుస్తారు కాబట్టి నక్షత్రం రావడం అదృష్టం. అది సారుకు ఎంత చెప్పినా ఎక్కదు. నక్షత్రం రానప్పుడల్లా నా దస్తూరి బాగాలేదంటాడు. నేను రాసేది ఫోన్‌లో.

ఇప్పుడు మా అవ్వ సంగతి చెప్పాలి. మా దిక్కు అమ్మను అవ్వ అంటారు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా అవ్వ అడిగినా పెట్టదు, తన టైముకు పెడుతుంది. మాకు ఎకరన్నర తోట ఉంది. పుంటికూర, కొయ్యగూర, కొత్తిమీర వేస్తుంది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆమె తెల్లవారుజామునే కూర కోసి, కట్టలు కట్టి, గంపలో పేర్చి, పొద్దుటి ప్యాసింజర్ ఎక్కి కాగజ్‌నగర్ బజారుకు పోయేది. ఊళ్లో మరో ఏడెనిమిది మంది ఆడవాళ్లు కూడా అదే రైలు. మా ఊరిది స్టేషన్ కాదు. ఒక రేకుల షెడ్డు, ఒక బోర్డు, కమీషన్ మీద టికెట్లు అమ్మే ఒక చాచా. అంత చిన్నదాన్ని స్టేషన్ అనడానికి మా వాళ్లకే సిగ్గేసి "స్టేజీ" అంటారు. రైలును "బండి" అంటారు. "స్టేజీ కాడికి బండొచ్చింది" అంటే మా ఊళ్లో మూడేళ్ల పిల్లకైనా అర్థమవుతుంది.

కరోనా పోయాక ఆ ప్యాసింజర్‌కు ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టారు. పేరు మారితే పొగరు రావాలి కదా, మా స్టేజీలో ఆగడం మానేసింది. చాచా షెడ్డుకు తాళం పడింది. బస్సు ఎక్కుదామంటే, ఆడవాళ్లకు ఉచితమే కానీ గంపకు కాదన్నాడు కండక్టర్. గంపకు ఆధార్ కార్డు ఉందా అని హాస్యమాడాడట. రెండుసార్లు దింపేశాక ఆడవాళ్లే ఒక ఉపాయం చేశారు. ఊరి ముందు నుంచి పెద్ద రోడ్డు పోతుంది. దాని పక్కన నాలుగు తోపుడు బండ్లు పెట్టుకుని కార్లవాళ్లకు కూరలు అమ్మడం మొదలుపెట్టారు. అవ్వ బండి చివరిది, వేపచెట్టు నీడలో.

బజారంత బేరం లేకపోయినా పొద్దు గడిచేది. సగం కట్టలు మిగిలి వాడిపోయేవి. అది చూస్తే నాకు మనసు కలుక్కుమనేది. ఊళ్లోవాళ్లేమో, వడ్డించేవాడు మనవాడైతే ఏ మూల కూర్చుంటేనేం, నీ కొడుకు పార్లమెంటులోనే ఉన్నాడు కదా, బండి ఆపించమని అవ్వను సతాయించేవాళ్లు. ఆమె నాతో ఒక్కసారి కూడా అనలేదు. అనలేదు కాబట్టే నేను చేసి చూపించాలనుకున్నాను. ముందు చెప్పకుండా చేసి, రైలు ఆగిన పొద్దు ఆమె మొహం చూడాలని నా కోరిక.

సమావేశాలు దగ్గరపడ్డాయి. సారుకు ఆ వారం రవాణా మీద ప్రశ్నలు కావాలి. నేను తెలుగులో రాసి వాట్సాప్‌లో ఢిల్లీకి పంపితే, అక్కడ సారు పెట్టుకున్న ఒక పెద్దాయన ఇంగ్లీషు చేసి సభలో దాఖలు చేస్తాడు. సముద్రం దిక్కు మనిషి, రిటైరైన మేష్టారు, తెలుగు మీద ప్రాణం. ఆ రోజు నాకు ఏం బుద్ధి పుట్టిందో, మూస పక్కన పెట్టి మా ఊరి మాటే రాశాను. జనం గొంతు ఢిల్లీకి చేరాలని ఎమ్మేలో చదువుకున్నదంతా ఆ ఒక్క పొద్దే గుర్తొచ్చింది. "మా ఊరి స్టేజీ కాడ పొద్దుగాల బండి ఆపుతలేరు. కూరగాయలు అమ్ముకునే ఆడోళ్లకు పరేషాన్ అయితున్నది. సర్కారు ఏం చేస్తున్నది?" ఊరి పేరు, మండలం పేరు కింద పెట్టాను. రాసి, రెండుసార్లు చదువుకుని, నాకు నేనే మెచ్చుకున్నాను.

ఢిల్లీలో ఏం జరిగిందో నాకు తర్వాత ఫోన్‌లో తెలిసింది. మేష్టారికి స్టేజీ అంటే బస్సులు ఆగే చోటు. బండి అంటే బండి. "ఆపుతలేరు" అనే మాట మాత్రం ఆయన జన్మలో వినలేదు. అచ్చుతప్పు అనుకున్నాడు. ఫోన్లలో ఇట్లాంటివి పడుతుంటాయి కదా. "ఆపుతారు" అని దిద్దుకున్నాడు. దిద్దగానే అంతా చక్కగా అర్థమైందట. రోడ్డు మీద బండ్లు ఆపుతున్నారు, కూరగాయలు అమ్మే ఆడవాళ్లతో పరేషాన్ అవుతున్నది. వెంటనే నా జనం గొంతును మూసలో పోశాడు. ఫలానా ఊరి దగ్గర పెద్ద రోడ్డు పక్కన కూరగాయల బండ్లు ఆపి రాకపోకలకు ఇబ్బంది కలిగిస్తున్న మాట వాస్తవమేనా? అయితే, నియంత్రణకు తీసుకున్న చర్యలేమిటి? రైళ్ల మంత్రికి పోవలసింది రోడ్ల మంత్రికి పోయింది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. మాది కోతి కూడా కాలేదు.

లాటరీలో నక్షత్రం రాలేదు. రాతపూర్వక జవాబు వచ్చింది. ఇక్కడ నా తప్పు నేను ఒప్పుకోవాలి. ఆ రోజు పదకొండు జవాబులు ఒకేసారి వచ్చాయి, అన్నీ ఇంగ్లీషులో. నా ఊరి పేరు కనిపించగానే మిగతా పదీ పక్కన పెట్టాను. ఆ జవాబులో నేరుగా ఆఖరి ముక్కకు ఉరికాను. సత్వర చర్యలు తీసుకోవాలని సంబంధిత అధికారులను ఆదేశించడమైనదని ఉంది. అంతే, మిగతాది చదవలేదు. జీవితంలో మొదటిసారి నా ప్రశ్నకు "ఆదేశించడమైనది" అని వచ్చింది. ఆ సాయంత్రం జిలేబీ కొనుక్కుని ఇంటికి పోయాను. ఎందుకని అవ్వ అడిగితే, ఊరికేనన్నాను.

నాలుగు రోజులు రైలు కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాను. రోజూ పొద్దున కూత పెట్టుకుంటూ ఆగకుండా పోతూనే ఉంది. ఐదో రోజు ఆఫీసుకు చాచా వచ్చాడు. టికెట్లు అమ్ముకునే చాచా. చేతిలో పేపరు. జిల్లా పేజీలో సారు ఫోటో, పైన "సారు ప్రశ్నతో కదిలిన యంత్రాంగం" అని హెడ్డింగు. కింద ఇంకో ఫోటోలో నాలుగు తోపుడు బండ్లను ట్రాక్టర్‌లోకి ఎక్కిస్తున్నారు. చివరి బండి దగ్గర కొంగు నడుముకు దోపుకుని నిలబడిన మనిషి మొహం మసకగా ఉంది. నిలబడిన తీరు నాకు తెలుసు. ముందు రాత్రి నాకు అన్నం పెట్టేటప్పుడు ఆమె ఈ సంగతే ఎత్తలేదు.

"బేటా, గీ సవాల్ నువ్వే రాసినవా?" అన్నాడు చాచా.

లోపల సారు ఆ పేపరే చూసుకుని మురిసిపోతున్నాడు. నన్ను పిలిచి, ఇట్లాంటివి ఇంకో పది రాయమన్నాడు. జవాబును మొదటి నుంచి అప్పుడు చదివాను. తర్వాత ఢిల్లీకి ఫోన్ చేశాను. మేష్టారు పాపం చాలా నొచ్చుకున్నాడు, "అయితే ఆపుతలేరు అంటే ఆపడం లేదనా, నాయనా?" అని మూడుసార్లు అడిగాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. చదవకుండా జిలేబీ తిన్నవాడికి ఒకరి మీద కోపమెట్లా వస్తుంది?

ఇంటికి పోయేసరికి అవ్వ కొట్టం దగ్గర ఉంది. నిన్న కోసిన పుంటికూర కట్టలు ఒక్కొక్కటే విప్పి బర్రెకు వేస్తోంది. పట్టపగలు ఆమె ఇంటి దగ్గర ఉండటం నేను పండుగలప్పుడు తప్ప చూడలేదు. నన్ను చూసి, కడుపులో బాగాలేదా ఈ ఏళప్పుడు వచ్చినవ్ అంది. నేను ఆ గడప మీదే కూర్చుని మొత్తం చెప్పాను. బండి, స్టేజీ, ఆపుతలేరు, మేష్టారు, అన్నీ. చెప్తుంటే ఏడుపొచ్చింది. ముప్పై ఏళ్లు దాటినవాడిని, బర్రె ముందు ఏడ్చాను.

తిడుతుందనుకున్నాను. మా అవ్వ తిట్లు ఊళ్లో పేరున్నవి. ఆమె చేతిలో ఉన్న కట్ట విప్పడం ఆపి నా దిక్కు చూసింది.

"మంత్రిని అడిగినవు. మంచిగనే ఉన్నది. నన్ను అడిగినవా, బిడ్డా?"

అడగలేదు. అదే నిజం. పదేళ్లుగా ఊరందరి తరఫున ప్రశ్నలు రాస్తున్నాను, మా ఇంట్లో మనిషికేం కావాలో అడగాలని తోచలేదు. సరే, ఇప్పుడు అడుగుతున్నా, నీకేం కావాలని అడిగాను. రైలు వద్దట. రైలు ఆగినా అది ఎక్స్‌ప్రెస్ అయ్యాక జనరల్ డబ్బాలు ఎక్కడ ఆగుతాయో తెలియదు, గంపతో ఉరకడం తన మోకాళ్లకు చేతకాదు. ఆ సంగతి ఎప్పుడో అనుకుని ఊరుకుందట. బస్సులో గంప పెట్టుకోనిస్తే చాలు. ఒక్క గంప. డ్రైవర్ వెనక మూలకు జాగ ఉంటుంది, తను చూసింది.

ఇంత చిన్నదా అనుకుని వెంటనే ఫోన్ తీశాను. తీశాక గుర్తొచ్చింది. మా ఊరి బస్సు రాష్ట్రానిది. ఢిల్లీ సభలో దాని మీద ప్రశ్న వేస్తే తిప్పి పంపిస్తారు. అదే చెప్పాను, ఆర్టీసీ బస్సు మా సారు కిందికి రాదు అవ్వా అన్నాను.

"మరి నీ కిందికి ఏమొస్తది?" అంది.

ఎద్దేవా చేయడానికి కాదు, నిజంగానే తెలుసుకోవడానికి అడిగింది. అందుకే ఎక్కువ తగిలింది. లేచి లోపలికి పోయాను. సారుకు ఫోన్ చేసి రేపటి నుంచి గంట ఆలస్యంగా వస్తానని చెప్పాను. కారణాలేమిటని అడిగాడు. తర్వాత చెప్తానన్నాను.

మర్నాడు తెల్లారకముందే ఇద్దరం కలిసి కూర కోశాం. నేను కోసిన కట్టలన్నీ అవ్వ మళ్లీ విప్పి కట్టింది. గంప నేనే ఎత్తుకున్నాను. బయటకు చిన్నగా కనిపిస్తుంది కానీ మెడ విరిగే బరువు. ఇన్నేళ్లు అది ఆమె ఎట్లా మోసిందో ఒక్క పూట కూడా నేను ఆలోచించలేదు. బస్సొచ్చింది. ముందు ఆమె ఎక్కింది, వెనక గంపతో నేను. డ్రైవర్ వెనక మూలకు దించాను. నిజంగానే జాగ ఉంది.

కండక్టర్ వచ్చాడు. అవ్వకు జీరో టికెట్ కొట్టి, గంప వైపు చూసి, ఎవలదిది అన్నాడు. నాది అన్నాను. కాగజ్‌నగర్‌కు ఒక ఫుల్ టికెట్ తీసుకున్నాను. టికెట్ కొనుక్కున్న మొగవాడి సామాను కాబట్టి ఏమీ అనలేకపోయాడు. అదేం నియమమో నాకు ఇప్పటికీ తెలియదు, తెలుసుకోను కూడా. నిలబడే చోటు కూడా లేదు. అయినా గంపకు కాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను.

అవ్వ పక్క సీటులో ఒక ముసలామె నన్ను కింది నుంచి మీదికి చూసి, ఇస్త్రీ అంగీ వేసుకుని గంప మోస్తున్నాడు, ఎవరే ఈ పిల్లగాడు అని అడిగింది.

"నా కొడుకే" అంది అవ్వ, నా దిక్కు చూడకుండానే. "ఢిల్లీ పని చేస్తడు. ఇయ్యాల్టి సంది జర పనికొచ్చే పని చేస్తుండు."