ముందు రక్తం ఎవరిది

సిల్వీకి పదకొండేళ్ళప్పుడు ఆమె తండ్రి ఊర్హో ఒక దుప్పిని రైఫిల్ వెనకుండే చెక్క మడమతో కొట్టి చంపాడు.

గుండు వెన్ను పక్కన తగిలి దుప్పి కూలబడింది. చచ్చిందనుకుని ఊర్హో దగ్గరికి వెళ్ళాడు. అది ఒక్క ఉదుటున లేచి కొమ్ము ఆయన తొడలో దించింది. మళ్ళీ గుండు ఎక్కించే వ్యవధి లేదు. రైఫిల్ గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని గొడ్డలి తిప్పినట్టు తిప్పాడు. మొదటి దెబ్బకి దుప్పి దవడ పోయింది. రెండో దెబ్బకి కన్ను పోయింది. మూడో దెబ్బకి రైఫిల్ కర్ర సన్నగా ఉండే మెడ దగ్గర పుటుక్కున విరిగింది. ఆ తర్వాత చేతిలో మిగిలిన ఇనుముతోనే కొట్టాడు. మంచు మీద నెత్తురు బానెడు ఒలికింది. సిల్వీ దేవదారు మొక్కని కావలించుకుని చూస్తూ నిలబడిపోయింది.

"ఏడిస్తే ఏడువు గానీ ముందు నీ బెల్టు ఇటు విసురు" అన్నాడు ఊర్హో.

ఆమె బెల్టుతోనే తొడ కట్టుకుని ఇంటికి చేరాడు. విరిగిన రైఫిల్‌ని పొయ్యిలో పెట్టబోతుంటే సిల్వీ లాక్కుంది. ఆ చలికాలమంతా దానితోనే కూర్చుంది. చెక్క పీచు ఎటు తెగిందో, ఎటు నలిగిందో వేలితో తడిమి తడిమి చూసింది. దెబ్బ తగిలిన పక్క పీచు పొడుగ్గా, లాగి తెంపినట్టు ఉంది. అవతలి పక్క నలిగి పిప్పయింది. లోపల ఇత్తడి చువ్వ దించి, జిగురు పెట్టి అతికింది. ఎవరూ నేర్పలేదు. ఆ రైఫిల్ మరో పంతొమ్మిదేళ్ళు పేలింది.

ఇప్పుడామెకి యాభై రెండు. కివి జంక్షన్ అనే చిన్న ఊళ్ళో ఇంటి వెనక, స్నానానికి వాడే ఆవిరిగదికి ఆనుకుని ఆమె కొట్టు ఉంది. బోర్డు లేదు. దుప్పి వేటకి వెళ్ళే మగాళ్ళందరికీ దారి తెలుసు. అక్రోటు దుంగ తెచ్చి, మూడేళ్ళు ఆరబెట్టి, మనిషిని బట్టి రైఫిల్ కర్ర చెక్కుతుంది. కొలత తీసుకునేటప్పుడు ఎండాకాలమైనా సరే, వేట కోటు తొడుక్కుని రమ్మంటుంది. చొక్కా మీద కొలిస్తే నవంబర్లో భుజాన ఆనాల్సిన మడమ చంకలో చిక్కుకుంటుందని ఆమె లెక్క. ట్రిగ్గర్ మాత్రం మూడు పౌండ్ల బరువుకి తక్కువ లాగుడుతో పెట్టదు. ఇంకెవరో పౌండున్నరకి అరగదీసిన ట్రిగ్గర్ ఒకటి చలికి మొద్దుబారిన వేలు తగిలి పేలి, పక్కవాడి మోకాలి చిప్ప ఎగిరిపోయింది. ఆ చిప్ప ముక్కని మంచులో వెతికిన వాళ్ళలో ఆమె కూడా ఉంది.

ఆ ఏడాది అక్టోబరు చివర్లో గ్లెన్ ట్రెవారో కొట్టుకి వచ్చాడు. ఇరవై ఏళ్ళ ఖాతాదారు. అతని రైఫిల్ కర్ర ఆమె రెండు చలికాలాలు కూర్చుని చేసింది. పొడుగు మెడ, పొట్టి చేతులు కాబట్టి చెంప ఆనేచోట ఎత్తు పెంచి, మడమ అరంగుళం కోసింది. పట్టు జారకుండా సన్న గళ్ళు చెక్కింది. గ్లెన్‌కి వేట కన్నా వేట సామాను మీద మోజు ఎక్కువ. సంచీలోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇవి బ్యాటరీతో వేడెక్కే మేజోళ్ళు. ఇది మనిషి వాసన చంపే సబ్బు. ఇదిగో, ఇది చూడు, ఎదకొచ్చిన ఆడ దుప్పి ఉచ్చ, మగది వాసనకి పరిగెత్తుకొస్తుంది. చిన్న సీసా పన్నెండు డాలర్లు!"

సిల్వీ భర్త రేనో పొయ్యి పక్కన కాఫీ తాగుతున్నాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ.

"బండిలో ఒలికిందా?" అన్నాడు.

"కొంచెం. ఎందుకూ?"

"మీ ఆవిడ వేరే మంచమేసుకుందని విన్నాలే."

సిల్వీ ఆకురాయి ఆపి నవ్వింది. గ్లెన్ కూడా నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

"నీకేం తెలుసు ముసలోడా! మీ తాత నాటి తుపాకీ, దానికి దుర్భిణి కూడా లేదు. ఆ ఉన్ని ప్యాంటు నీకంటే పెద్దది."

"దుప్పులు అడగలేదు" అన్నాడు రేనో.

"సిల్వీ, నా ట్రిగ్గర్ రెండుకి దించు. ఈ ఒక్కసారికి."

"మూడు."

"డబ్బులిస్తున్నానమ్మా, దానం అడగట్లేదు."

"మాటలు తగ్గించుకో గ్లెన్. నీ వేలికి బలం అదే వస్తుంది."

నవంబరు పదిహేను, వేట మొదటి రోజు. తెల్లారకముందే రేనో మాంసం కూరిన పాస్టీ రొట్టె ఒకటి కోటు జేబులో వేసుకున్నాడు. సిల్వీ అల్లిన నారింజరంగు ఉన్ని టోపీ పెట్టుకుని అడవిలోకి వెళ్ళాడు. పొడుగాటి ఒంటి దేవదారుకి కట్టిన మంచె అతనిది. తొమ్మిదింటికి అటునుంచి ఒక పేలుడు వినిపించింది. అది రేనో తుపాకీ గొంతని సిల్వీ గుర్తుపట్టింది. కాసేపటికి మరో పేలుడు, వేరే గొంతు. మధ్యాహ్నానికి రేనో రాలేదు. రెండయ్యేసరికి మంచు దట్టంగా పడుతోంది. దుప్పిని లాక్కొచ్చే ప్లాస్టిక్ బల్లకి తాడు కట్టుకుని ఆమె బయల్దేరింది.

మంచె కింద పక్కకి ఒరిగి ఉన్నాడు. ముఖం ఎడమ భాగం పగిలిన కుండలా లోపలికి పోయింది. దవడ చెవి దగ్గర నుంచి ఊడి వేలాడుతోంది. గొంతులో నెత్తురు గురగురలాడుతోంది. సిల్వీ అతన్ని బోర్లా తిప్పి, వేళ్ళు నోట్లో పెట్టి, గడ్డకట్టిన నెత్తురునీ ఊడిన పళ్ళనీ తోడింది. నాలుగు పళ్ళు. ఊపిరి ఆడింది. దుప్పి కోసం తెచ్చిన బల్ల మీద మొగుణ్ణి కట్టేసి మైలు దూరం ఈడ్చుకొచ్చింది.

అంబులెన్సు అతన్ని వంద మైళ్ళ అవతలి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. తెలివి రాలేదు. షెరీఫ్ డెప్యూటీ మార్విన్ ఆసుపత్రి వరండాలో టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"మంచె మీంచి జారాడక్కా. ఈ ఏడాది ఇది మూడోది. మెట్టుకి మంచు పట్టుంటుంది."

"రేనో తుపాకీ పేలింది మార్విన్. దుప్పి ఏదీ?"

"గురి తప్పుంటుంది."

"రేనోకా?"

"అరవై ఏళ్ళొచ్చాయి కదక్కా. చుట్టూ చూశా. మోకాలి లోతు కొత్త మంచు పడింది, ఏం కనపడుద్ది?"

"టోపీ కూడా కనపడలేదు" అంది సిల్వీ.

నాలుగో రోజు డాక్టరు ఆమెని ఇంటికెళ్ళి పడుకోమన్నాడు. పడుకోవడం చేతకాక కొట్టు తెరిచి పొయ్యి వెలిగించింది. ఊరి కూడలి దాటి వస్తున్నప్పుడు వేటలో పడ్డ దుప్పుల్ని వేలాడదీసే దూలం చూసింది. అందులో పెద్దది, కొమ్ములకి పది మొనలున్నది, గ్లెన్ పేరుతో వేలాడుతోంది. జనం ఫోటోలు తీసుకుంటున్నారు.

పదకొండింటికి గ్లెనే వచ్చాడు. గుడ్డలో చుట్టిన రైఫిల్ బల్ల మీద పెట్టాడు.

"రేనో సంగతి విన్నా. పాపం. అందరం ముసలోళ్ళమైపోతున్నాం. నేనూ మొన్న మంచు మీద జారా. రైఫిల్ మీదే పడ్డా, చూడు ఏమైందో. మన కర్ర పోయింది సిల్వీ! కొత్తది చెయ్యి. ఎంతైనా పర్లేదు. పాతది కొలతకి తెచ్చానంతే, ఆవిరిగది పొయ్యిలో తోసెయ్, ఇవాళే."

మెడ దగ్గర విరిగింది. పీచుతో వేలాడుతున్న రెండు ముక్కల మీద నల్ల టేపు చుట్టి ఉంది. సిల్వీ టేపు కోసింది. ఇనుము భాగాన్ని పక్కన పెట్టింది. మడమ ముక్కని బెంచ్ వైస్ ఇనుప దవడల మధ్య తోలు గుడ్డలేసి, పిడి తిప్పి బిగించి, దీపం దగ్గరికి లాగింది.

కుడి పక్క పీచు పొడుగ్గా, లాగి తెంపినట్టు ఉంది. ఎడమ పక్క నలిగి పిప్పయింది.

మనిషి పైన పడితే చెక్క పైనో కిందో చీలుతుంది. ఇలా పక్కకి తెగాలంటే గొట్టం పట్టుకుని గొడ్డలిలా తిప్పాలి. ఆ విరుపు ఆమె పదకొండో ఏట వేలితో చదువుకుంది.

గ్లెన్ మాట్లాడుతూనే ఉన్నాడు. ఈసారి మేపుల్ చెక్క బాగుంటుందేమో అన్నాడు. తన దుప్పి ఎనభై గజాల్లో ఒక్క దెబ్బకే పడిందన్నాడు. సిల్వీ కుడి పక్క గళ్ళని సూదితో గీకింది. ఎవరో బాగా కడిగారు. కానీ ఆ గళ్ళు ఆమె చెక్కినవి. వాటి లోతు ఆమెకి తెలుసు. సూది మొనకి నల్లటి ఎండు నెత్తురు వచ్చింది. దాంతో ఒక వెంట్రుక వచ్చింది.

దుప్పి వెంట్రుక లోపల బోలుగా ఉంటుంది. వంచితే మడత పడి అలాగే ఉండిపోతుంది. సిల్వీ ఆ వెంట్రుకని వేళ్ళ మధ్య వంచి వదిలింది. అది మళ్ళీ నిటారుగా లేచింది. తెల్లది. మనిషిది.

తెగిన పీచులో ఇంకొకటి ఇరుక్కుని ఉంది. చిటికెన వేలి గోరంత నారింజరంగు ఉన్ని పోగు.

"ఏంటంతగా చూస్తున్నావ్?" గ్లెన్ గొంతు మారింది. "పొయ్యిలో వెయ్యమన్నా కదా."

"రేనో టోపీ ఏదీ గ్లెన్?"

ఇరవై ఏళ్ళలో గ్లెన్ నోరు మూసుకోవడం ఆమె చూసింది అదే మొదటిసారి.

ఆమె వైస్ పిడిని కొద్దిగా వదులు చేసింది, ముక్కని తీసి దాచేద్దామని. అంతలో గ్లెన్ పక్కనున్న రైఫిల్ ఇనుము అందుకున్నాడు. తలకి గురిపెట్టిన దెబ్బ. ఆమె తల తిప్పేసరికి ఎడమ భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకి లోపల్నుంచి వినపడింది. చెయ్యి చచ్చుబడి వేలాడింది. రెండో దెబ్బ చెవి చీల్చుకుంటూ బల్లకి తగిలింది. ఉలులు, ఆకురాళ్ళు, అవిసె నూనె సీసా నేల మీదికి దొర్లాయి. సిల్వీ మోకాళ్ళ మీద పడింది. పొట్టలో తన్నాడు. మళ్ళీ తన్నాడు.

"నిన్ను చూడమన్నానా? చెక్కమన్నా! నీ పని చెక్కడం!"

ఇనుము పారేసి వైస్ మీద పడ్డాడు. ఆ కర్ర ముక్క లేకపోతే రేనో మంచె మీంచి జారిన ముసలోడే. రేనోకి తెలివి రాకపోతే అంతే సంగతి. సిల్వీకి తెలుసు, గ్లెన్‌కి తెలుసు. ముక్క సగం వదులుగా, సగం బిగిసి ఉంది. పెకలించడానికి కుడి చేతి నాలుగు వేళ్ళూ కర్ర కిందనుంచి దవడల సందులోకి దూర్చాడు.

నేల మీంచే సిల్వీ కుడి చేత్తో పిడి అందుకుని, ఒంటి బరువంతా వేసి తిప్పింది.

గ్లెన్ పెట్టిన కేకకి కిటికీ అద్దం అదిరింది. ఆమె ఆగలేదు. ఇంకో సగం చుట్టు. ఎండుపుల్లలు తొక్కినట్టు వేళ్ళ కణుపులు ఒకదాని తర్వాత ఒకటి పగిలాయి. తోలు గుడ్డ అంచునుంచి నెత్తురు బొట్లు బొట్లుగా కారింది. అతను ఎడమ చేత్తో ఆమె జుట్టు పట్టుకుని తలని బల్ల అంచుకి మోదాడు. ఆమె ఇంకో సగం చుట్టు తిప్పింది. ఆ చెయ్యి జుట్టు వదిలేసింది. పిడిని లాగి ఊడదీసి మూలకి విసిరేసింది. ఇక అది లేకుండా వైస్ తెరుచుకోదు.

గోడ పట్టుకుని ఫోను దాకా వెళ్ళింది. మాట్లాడటానికి ముందు నోట్లో నెత్తురు ఉమ్మింది.

మార్విన్ వచ్చేసరికి పాతిక నిమిషాలు పట్టింది. అంతసేపూ గ్లెన్ వైస్ పక్కన మోకాళ్ళ మీదే ఉన్నాడు. బతిమాలాడు, తిట్టాడు, ఏడ్చాడు. ఆఖరికి మొత్తం వెళ్ళగక్కాడు.

"అది నా దుప్పి! నా ముందుకొచ్చి పడింది. చివరి గుండు నాది. దాని కడుపు కోస్తుంటే రేనో వచ్చాడు. నేను చెప్పిందంతా విని, ఒక్కటే అన్నాడు, 'ముందు రక్తం నాది' అని. ముందు నెత్తురు తీసినవాడిదే దుప్పట, పాతకాలపు లెక్క! నేను నలభై వేల మాటలు చెప్పా సిల్వీ. వాడు ఇంకో మాట అనలేదు. కత్తి తీసి నాతోపాటు కోయడం మొదలెట్టాడు. నన్ను పురుగులా చూశాడు!"

"అందుకని వెనకనుంచా?"

"వంగి ఉన్నాడు" అన్నాడు గ్లెన్, అదేదో జవాబైనట్టు. "లాక్కెళ్ళి మంచె కింద పడేశా. చిరిగిన టోపీ మంచులో పూడ్చేశా. మంచు పడుతుందని రేడియోలో చెప్పారు."

తలుపు దగ్గర మార్విన్ నిలబడి చివరి మాటలు విన్నాడు. కొట్టంతా చూశాడు.

"ముందు ఆ చెయ్యి తీద్దామక్కా. పిడి ఏదీ?"

"ఆ మూలన. నెమ్మదిగా తిప్పు" అంది సిల్వీ, చెవికి గుడ్డ అదుముకుంటూ. "ఆ చెక్కకి నొక్కు పడకూడదు. ఉన్ని పోగు అందులోనే ఉంది."

తొమ్మిదో రోజు రేనో కళ్ళు తెరిచాడు. దవడలు తీగతో కట్టేశారు. పులుసు గొట్టంతో పీలుస్తున్నాడు. సిల్వీ ఎడమ చెయ్యి కట్టుతో పక్కన కూర్చుంది. అతను సైగతో పలక అడిగి, వంకర అక్షరాలతో ఒక్క మాట రాశాడు.

'దుప్పి?'

"వేట శాఖ వాళ్ళు దూలం మీంచి దించి మనింటికి పంపారు. చర్మం ఒలిచి, ముక్కలు కోసి ఫ్రీజర్లో పెట్టా. ఒంటి చేత్తో."

అతను తుడిచి మళ్ళీ రాశాడు.

'గుండ్లు?'

సిల్వీ జేబులోంచి చేతిరుమాలు తీసి దుప్పటి మీద విప్పింది. నలిగిన రెండు సీసపు ముద్దలు. పాత తుపాకీల్లో వాడే మొద్దుమొనది పెద్దది. దాన్ని వేలితో ఇటు జరిపింది.

"ఇది ఊపిరితిత్తుల్లో దొరికింది. నీది. దుప్పి అప్పటికే చచ్చింది రేనో, పరిగెడుతోందంతే." రెండోది అటు జరిపింది. "ఇది వాడిది. తొడలో. ఆరు పౌండ్ల మంచి మాంసం పాడుచేశాడు వెధవ."

రేనోకి నవ్వొచ్చింది. తీగలు లాగి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా నవ్వు ఆపుకోలేదు.