తీయని సొట్ట

2004లో కర్నూలు పక్కన కల్లూరులో నా డెంటింగ్ షెడ్డు ఉండేది. డెంటింగ్ అంటే గుద్దుకున్న బండ్ల సొట్టలు తీసే పని. అల్యూమినియం రేకుతో స్పోర్ట్స్ కారు బాడీ మొత్తం చేత్తో కొట్టి నిలబెట్టిన మొనగాణ్ణి దక్షిణ దేశంలో నేనొక్కణ్ణే. సరే, దక్షిణ దేశం వద్దులే, కల్లూరులో నేనొక్కణ్ణే. అసలు కల్లూరులో ఆ పని ఇంకెవరినీ ఎవరూ అడగలేదు.

అడిగింది రూతమ్మ టీచరు. నందికొట్కూరులో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆమె అన్న చనిపోతూ తన పాత ఇంగ్లండు కారును, రెండే సీట్లది, ఆమెకిచ్చి పోయినాడు. కొట్టం గోడ కూలి దాని బాడీ నుజ్జయింది. ఇంజనూ, చాసిస్ అనే అడుగు చట్టమూ మాత్రం మిగిలినాయి. అన్న బతికినన్నాళ్లూ ఆమెను స్టీరింగ్ ముట్టనియ్యలేదట. ఇప్పుడు తానే నడపాలని ఆమె పట్టు.

"ఫైబరుతో చేసిస్తా టీచరమ్మా, బిరీన అయితాది," అన్నాను.

"నాకు నీళ్లతొట్టి వద్దప్పా, కారు కావల్ల. ముందుండినట్ల రేకుతోనే చెయ్. నీకు వచ్చాదా రాదా, అది చెప్పు."

రాదని చెప్పే అలవాటు నాకు లేదు. "కండ్లు మూసుకొని చేస్తా," అన్నాను.

కండ్లు తెరుచుకునే మొదటి రేకును నాశనం చేశాను. అల్యూమినియాన్ని వంచేముందు కాల్చి మెత్తబరచాలి. అనీలింగ్ అంటారు. ఇనుముతో బతికినవాణ్ణి గదా, రేకు ఎర్రబడేదాకా మంట పెడదామని కాచుకుని కూర్చున్నాను. ఈ లోహం ఎర్రబడదు. చెప్పాపెట్టకుండా కరిగి కాళ్ల దగ్గర పడింది. తర్వాత నేనే ఒక కిటుకు కనిపెట్టాను. రేకుకు బట్టల సబ్బు రుద్ది, అడుగున మంట పెట్టి, సబ్బు నల్లబడగానే మంట తీసేయడం. కనిపెట్టానంటే కాస్త ఎక్కువేలే. కర్నూలు పాతబస్తీలో సత్తు గిన్నెలకు, అంటే ఇదే అల్యూమినియం గిన్నెలకు, మాట్లు వేసే ముసలాయన నవ్వినంతసేపు నవ్వి చెప్పినాడు.

పాత కారు ఫోటో ఒకటి దొరికితే, అది చూసి సన్న కమ్మీలతో కారు ఆకారం కట్టాను. ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిలకు కట్టే పాత తోలు బానలో తుంగభద్ర ఇసుక కూరి మూతి కుట్టాను. దాని మీద రేకు పెట్టి చింతకర్ర సుత్తితో కొడితే రేకు చిప్పలాగా దిగుతుంది. ఆ తర్వాతది వీలింగ్. రెండు చక్రాల సందులో రేకును ముందుకూ వెనక్కూ నడిపి, దెబ్బల గుర్తులు నునుపు చేయడం. ఆ మిషను ఇంగ్లండులో అమ్ముతారట. నాది చెరకురసం మిషను విప్పి చేసుకున్నది.

"ఏమప్పా దస్తగిరీ, రసం గ్లాసెంత?" అనేవాళ్లు దారినపోయేవాళ్లు.

"సత్తు తపేలా పొయ్యి మీదికి ఎప్పుడెక్కుతాది?" అనేవాడు ఎదురు టీకొట్టాయన.

"మీ ఇంట్లో పెండ్లి పెట్టుకో, దీంట్లోనే బువ్వ వండుదాం," అనేవాణ్ణి.

టీచరమ్మ షేర్ ఆటోలో వచ్చి ఆ ఉత్త చట్టం మీదే కూర్చుని క్లచ్ తొక్కి, గేర్లు మార్చి అలవాటు చేసుకునేది. రేకులన్నీ ఎక్కేసరికి బండి పెయింటు లేకుండానే మిలమిలలాడింది. సొట్టలు పూడ్చే లప్పం చిటికెడు కూడా వాడలేదు. డోరు కింద వాడినాను. ఎవరు వంగి చూస్తారులే అని.

అప్పుడు దిగినాడు ప్రభుదాసు, టీచరమ్మ తమ్ముని కొడుకు. వెంట బెంగళూరు నుంచి ఒక ఆసామి, పాత కార్లు కొని దాచిపెట్టే మనిషి. ఆసామి చేతికి రుమాలు చుట్టుకుని మడ్‌గార్డు తడిమి చూశాడు.

"దీన్ని రోడ్డెక్కించకూడదు మేడం. అద్దాల గదిలో పెడతాను. పక్కనే బోర్డు మీద ఈ మేస్త్రీ పేరు రాయిస్తాను."

"అత్తా, నేను సారుకు మాటిచ్చినా," అన్నాడు ప్రభుదాసు. "ఈ కంకర రోడ్లలో, ఈ వయసులో నీకెందుకు చెప్పు? యాడన్నా గుద్దితే?"

"నన్నడక్కుండా నా బండికి నువ్వెట్ల మాటిచ్చినావు రా?" అని టీచరమ్మ నా వైపు తిరిగింది. "నువ్వేమంటావు దస్తగిరీ?"

నా కండ్ల ముందు బోర్డు, దాని మీద నా పేరు. అది కూడా పెద్ద అక్షరాలతో. "రేకు శానా సున్నితం టీచరమ్మా," అని నసిగాను. "అద్దాల గదిలో ఉంటే పదికాలాలుంటాది."

"నువ్వు గూడానా?"

టీచరమ్మ ఇసుక బాన మీదున్న చింతకర్ర సుత్తి తీసుకుంది. నేరుగా పోయి ఎడమ మడ్‌గార్డు మీద ఒక్కటేసింది. షెడ్డంతా ఖంగుమంది. అరచెయ్యంత సొట్ట.

"గుద్దితే అంటాండావు గదా ప్రభూ, గుద్దినా. ఏమైపాయ? బండి ఈడనే ఉండాది."

ఆసామి ముఖం పాలిపోయింది. "పర్వాలేదు మేడం, మేస్త్రీతో తీయిస్తాను."

"తీయించుకోప్పా. నేను ఇంకోటి పెడతా. సుత్తి నా చేతిలోనే ఉండాది."

ప్రభుదాసు నా భుజం పట్టుకున్నాడు. "మేస్త్రీ, అత్త మాటలు పట్టించుకోవద్దు. ఇది తీసేకి ఎంతసేపు?"

నేను వంగి సొట్టను చూశాను. చుట్టూ వేలితో రాసి చూశాను. పెద్ద డాక్టరు మాదిరి తల అడ్డంగా ఊపినాను.

"రేకు ప్రాణం పోయింది సార్. ఇది తీసేది నా వల్ల గాదు. నా వల్ల గాదంటే ఇంక ఎవురి వల్లా గాదు."

పచ్చి అబద్ధం. ఒక బీడీ కాలేలోపు తీసెయ్యొచ్చు. బతుకంతా రానిదాన్ని వచ్చని చెప్పుకున్నవాణ్ణి, వచ్చినదాన్ని రాదని చెప్పడం అదే మొదలు. పేరు పోతుందని తెలిసే చెప్పాను. ఆసామి రుమాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయినాడు. ప్రభుదాసు నన్ను తిట్టిన తిట్లు ఈడ రాయలేను. అన్నీ న్యాయమైనవే.

టీచరమ్మ ఆ కారును నందికొట్కూరు రోడ్డు మీద కొన్నేండ్లు తోలింది. గేటుకు తగిలించి ఒకటి, ఎనుముకు తగిలించి ఒకటి, సొంతంగా ఇంకా సొట్టలు సంపాదించింది. ఏ ఒక్కదానికీ నా షెడ్డుకు రాలేదు. ఎదురైతే హారన్ కొట్టేది, ఆపేది కాదు.

నేను నేర్చుకున్నది ఇంతే. రేకును సాగదీయడం మేస్త్రీ పని. దాన్ని తీసుకుపోయి యాడ గుద్దుకోవాల్నో బండి కలవాళ్ల ఇష్టం.