తూదా పేర్చే వరస

కోతలు ముగిసి బార్లీ గాదెలకు చేరిందంటే తూదా కాలు ఇంట్లో నిలవదు. ఆగస్టులో కాసాబ్లాంకా పట్నంలో కిరాణాకొట్లు నడుపుకునే మొగుళ్ళంతా ఊళ్ళోకి దిగుతారు. వాళ్ళ వెనకే పెళ్ళిళ్ళు దిగుతాయి. పెళ్ళిళ్ళున్నాయంటే రాత్రిళ్ళు అహ్వాష్ ఆట ఉంటుంది. ఇగ్రాన్ ఊరి ఆడవాళ్ళ వరసకు మొదట నిలబడి పాట ఎత్తేది తూదాయే. కాబట్టి ఆ వరసను సిద్ధం చేసే బరువూ ఆమెదే.

సిద్ధం చేయడమంటే నగలూ బట్టలూ అనుకునేరు. వెండి పిన్నులను బూడిదతో తోమడం, అంబరు పూసల దండలు మళ్ళీ గుచ్చుకోవడం, తలకట్టు గొలుసు లేనివాళ్ళకు పక్కింటి నుంచి ఇప్పించడం, ఇవన్నీ చేతులు వాటంతటవే చేసుకుపోయే పనులు. అసలు పని గొడవలది.

అహ్వాష్‌లో భుజానికి భుజం ఆనాలి. నలభైమందికి పైగా ఆడవాళ్ళు ఒక్క గోడలా కదలాలి. మధ్యలో చెయ్యి దూరేంత సందు కనపడినా ఎదురుగా డప్పులు పట్టుకున్న మగవాళ్ళు పకపకా నవ్వుతారు. మరి మాటల్లేని ఇద్దరు భుజాలెలా ఆనించుకుంటారు? అందుకే తూదా ఇంటింటికీ తిరిగి, ఏడాది పొడుగునా ఎవరికి ఎవరికి చెడిందో కనుక్కుని, కలపగలిగిన వాళ్ళను కలిపి, కలవనివాళ్ళ మధ్య ఒక మనిషిని దూర్చేది. ఆ దూర్చే మనిషిని ఆమె "గోడ" అనేది. గోడల్లోకెల్లా మంచి గోడ యామ్నా ముసలమ్మ. ఆవిడకు చెవుడు. డప్పు ఒకవైపు పోతే ఆవిడ ఇంకోవైపు పోతుంది. అయితేనేం, అటువైపు తిట్టు ఇటువైపుకు చేరనివ్వదు.

ఇంతమంది గొడవలు ఇంత పకడ్బందీగా కాపాడిన మనిషికి సొంతది ఒకటి లేకుండా ఉంటుందా? ఉంది. తోడికోడలు కెల్తూమాతో. అన్నదమ్ములిద్దరూ కాసాబ్లాంకాలో ఉమ్మడి కొట్టు పంచుకున్నప్పుడు కొట్లాడుకున్నారు. ఆ పూటే తూదా భర్త బిహీ ఫోనులో, "ఇవాళ్టి నుంచి వాళ్ళింటి గడప తొక్కితే నా గడప తొక్కక్కర్లేదు" అన్నాడు. తూదా తొక్కలేదు. కెల్తూమా ఇంటి ముందు నుంచి వెళ్ళకూడదని నీళ్ళ క్యానుతో కొండ చుట్టూ తిరిగి వచ్చేది. కెల్తూమా కూతురి పెళ్ళికి పోలేదు. ఆమె తల్లి పోతే పరామర్శకూ పోలేదు. వరసలో మాత్రం కలిసి నిలబడక తప్పదు. ఎందుకంటే తూదా ఎత్తిన పాటను అందుకునే గొంతు ఊళ్ళో ఒక్క కెల్తూమాకే ఉంది. ఇద్దరి మధ్యా ముగ్గురు గోడల్ని నిలబెట్టి పదేళ్ళ పైనే నెట్టుకొచ్చింది.

ఈ ఏడు హాజీ జామా వచ్చాడు. కొట్టు కొడుక్కి అప్పగించి, ఊళ్ళో కొత్త మేడ కట్టుకుని, తోచక "ఇగ్రాన్ కళా సంస్కృతి అభివృద్ధి సంఘం" పెట్టాడు. అధ్యక్షుడు తనే. సభ్యులు ఇద్దరు బావమరుదులు. ఆడవాళ్ళు ఆడే ఆటకు పెట్టిన సంఘంలో ఆడమనిషి ఎందుకు లేదని ఎవరో అడిగితే, "వాళ్ళకు ఇంట్లో పనుంటుంది కదా పాపం" అన్నాడట, జాలిగా.

ఆ హాజీ కొలత టేపు మెడలో వేసుకుని ఆటబయలుకు వచ్చి, ఆడవాళ్ళందరినీ పిలిపించాడు.

"అమ్మల్లారా, అక్కల్లారా, వినండి. ఆగస్టు మధ్యలో ఉత్సవం. పట్నం నుంచి సంస్కృతి అధికారి వస్తున్నాడు. స్టేజీ తెప్పిస్తున్నా. దాని మీద పదహారుమందే పడతారు."

"మిగతావాళ్ళం?" అంది రఖూష్. నోరు ఆగని మనిషి.

"చూడండి. చూడ్డానికీ జనం కావాలిగా."

"అహ్వాష్ చూసేదేంటి హాజీ, ఆడేది గానీ?"

"నేను నలభయ్యేళ్ళు కొట్టు నడిపా. ఏ సరుకు ఎక్కడ పెట్టాలో నాకు చెప్పకు. కంటికి ఎదురుగా మంచి డబ్బాలు పెట్టాలి. పాతవి వెనక్కి పోవాలి." ఇలా అంటూ ఆయన యామ్నాను చూశాడు. యామ్నా తనను మెచ్చుకుంటున్నాడనుకుని చేతులెత్తి దీవించింది.

"డప్పులు గడ్డిమంట మీద కాచుకోవాలి కదా, స్టేజీ మీద మంటెట్టనిస్తారా?" అని ఇంకెవరో అడిగారు.

"మంట నిషేధం. మా కోడలు జుట్టు ఆరబెట్టుకునే మిషను తెస్తా."

అప్పుడు ఆడవాళ్ళు ఏకమై తిరగబడి ఉంటారని మీరనుకుంటే, మా ఊరు మీకు తెలియదన్నమాటే. ఎవరికి వారు తలతిప్పి తనకు పడనిదాని మొహం చూశారు. అది ఆ పదహారుమందిలో ఉండదు, అదొక్కటీ చాలు అన్నట్టు చూశారు. హాజీకి ఇంకేం కావాలి? "శుక్రవారం లోగా తూదా పదహారు పేర్లు చెబుతుంది" అని టేపు చుట్టేసి వెళ్ళిపోయాడు.

తూదా ఇంటికొచ్చి బాదంకాయలు కొట్టుకుంటూ కూర్చుంది. పళ్ళెంలో పదహారు గింజలు వరసగా పెట్టింది. ఇది రఖూష్. దాని పక్కన ఫద్మా రాకూడదు, మొగుళ్ళకు పొలం గట్టు తగువు. మధ్యలో ఒక గోడ కావాలి. గోడలేవీ? చెవిటివాళ్ళూ, ముసలివాళ్ళూ, అడుగు సరిగా పడనివాళ్ళూ ముందే ఎగిరిపోయారు. పదహారుమంది మంచి ఆటకత్తెలూ మిగిలారు, వాళ్ళ పదహారు పగలూ మిగిలాయి. గింజలు ఎలా జరిపినా ఒక తగువు ఇంకో తగువుకు ఆనుతోంది. పొద్దు వాలేదాకా జరిపి జరిపి, చివరికి పాట ఎత్తే గింజ పక్కన ఒకే ఒక్క గింజకు చోటు మిగిలింది. అది కెల్తూమా.

మూడే దారులు. కెల్తూమాను తీసేయాలి, లేదా తను తప్పుకోవాలి, లేదంటే భుజం ఆనించాలి. తూదా ఆ గింజను తీసి నోట్లో వేసుకుంది. నమిలింది. తర్వాత పాటను అందుకునే గొంతు ఎక్కడా దొరక్క, ఇంకో గింజను తెచ్చి అక్కడే పెట్టింది.

మర్నాడు కలపగలిగినవాళ్ళను కలుపుదామని రఖూష్ ఇంటికి బయలుదేరింది. రొట్టె, బాదం ముద్ద, పుదీనా టీ అన్నీ అయ్యాక మాట కదిపింది. "ఫద్మా పక్కన నిలబడవే."

"మా ఆయన్ని అడక్కుండానా? చంపేస్తాడు."

"అయితే అడుగు."

రఖూష్ ఫోను చేసి స్పీకరు పెట్టింది. అవతల బేరాల గోల.

"ఏవండీ, నేను ఫద్మా పక్కన ఆడొచ్చా?"

"ఎందుకు ఆడకూడదు?"

"గొడవ కదా!"

"ఏం గొడవ?"

"పొలం గట్టు గొడవండీ!"

"ఓహో, అదా! అదెప్పుడో తేలిపోయింది. పోయిన రంజాను నెలంతా వాళ్ళ కొట్లోనే ఇఫ్తార్ చేశా. బంగారంలాంటి మనిషి."

"మరి నాతో చెప్పరేం?"

"చెప్పడానికేముంది అందులో? ఇంతకీ మేక ఈనిందా?"

రఖూష్ ఫోను పెట్టేసి తూదా మొహం చూసింది. "ఈ మేకలెన్ని ఈనాయో ప్రతివారం అడుగుతాడు అత్తా. ఆ ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదు."

సాయంత్రానికి కబురు ఊరంతా పాకింది. ఇంటింటా ఫోన్లు మోగాయి. దిగిన మొగుళ్ళను వంటింట్లో నిలబెట్టి అడిగారు. ఒకరి తగువు బావి దగ్గర మొదలై టీకొట్టులో ముగిసింది. ఇంకొకరిది ముగిసి, వియ్యమందుకునే దాకా పోయింది. సగానికి పైగా గొడవలు చచ్చి ఎన్నాళ్ళయిందో, ఆడవాళ్ళు మాత్రం వాటికి పాలు పోసి పెంచుతూనే ఉన్నారు. సరుకు మూటలు ఊళ్ళో దించినట్టు మగవాళ్ళు పగల్నీ ఊళ్ళోనే దించి పోతారు. కాపలా కాసేది ఆడవాళ్ళు. దానికి జీతమెలాగూ లేదు, సరుకు అమ్ముడైపోయిందన్న కబురు కూడా లేదు.

తూదా ఇంటికొచ్చేసరికి బిహీ అరుగు మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు.

"మీ తమ్ముడితో గొడవ ఇంకా ఉందా?" అంది, చెప్పులైనా విప్పకుండా.

బిహీ టీ గ్లాసులోకి చూశాడు. "ఏదో... అంతేలే. శుక్రవారం నమాజయ్యాక కలుస్తుంటాం."

"కలిసి?"

"కూర్చుంటాం. మాట్లాడుకుంటాం. అన్నదమ్ములం కాదా?"

"ఎప్పట్నించి?"

"తమ్ముడి అత్త పోయిందే, అదే కెల్తూమా వాళ్ళమ్మ. అప్పుడు వాడు కొట్టు కట్టేసి ఏడుస్తుంటే వెళ్ళి కౌగిలించుకున్నా. మనిషన్నాక ఉండాలి కదా."

"నువ్వక్కడ కౌగిలించుకున్నావు. నేనిక్కడ దాని ఏడుపు వింటూ తలుపు గడియ వేసుకుని కూర్చున్నా. మనిషన్నాక ఉండాలనేది నాకెవరు చెబుతారు?"

"నువ్వు అడగలేదుగా?"

ఆ మాటకు తూదా చేతిలో ఏం లేకపోవడం బిహీ అదృష్టం. ఆమె తిన్నగా బయటకు నడిచింది. కొండ చుట్టూ తిరిగే బాట కాదు, ఎదుటి సందులోంచే.

కెల్తూమా వాకిట్లో తిరగలి తిప్పుతోంది. నూనె కోసం రుబ్బుతున్న ఆర్గన్ గింజల ముద్ద చుట్టూ కారుతోంది. తలెత్తి చూసింది, తిరగలి ఆపలేదు.

"వాళ్ళిద్దరూ కలిసిపోయారట" అంది తూదా, గడప ఇవతల నిలబడి.

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"అప్పుడే. మా ఆయన చెప్పాడు."

"తెలిసీ ఇన్నాళ్ళు నోరు విప్పలేదా? నేను నీళ్ళు మోసుకుంటూ కొండ చుట్టూ తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నావా?"

"చూశా. మా డాబా మీంచి బాగా కనపడుతుంది."

"సిగ్గు లేదటే?"

కెల్తూమా తిరగలి ఆపింది. "పెద్దదానివి నువ్వు. మా అమ్మ పోయినప్పుడు ఊరంతా వచ్చింది, హాజీ జామా పెళ్ళాం కూడా వచ్చింది. నువ్వు రాలేదు. మొగుళ్ళు వద్దన్నారు అంటావు. శవం లేచినప్పుడు కూడా వద్దన్నారా? ఒక్క మాట అడగలేకపోయావా? నువ్వు వచ్చేదాకా నేను రానని అనుకున్నా. ఇది వాళ్ళ గొడవ కాదక్కా. నాది."

తూదా గడప దాటి లోపలికి వచ్చి, తిరగలికి అవతల చతికిలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి కెల్తూమా కూడా అదే పని చేసింది. ముద్ద కారిపోతుంటే ఎవరూ పట్టించుకోలేదు.

"నీ డాబా మీంచి నవ్వుకున్నావు కదే" అంది తూదా ముక్కు తుడుచుకుంటూ. "అది మాత్రం మర్చిపోను."

"మర్చిపోవద్దు. నేనూ మర్చిపోను."

శుక్రవారం హాజీ ఆటబయలుకొచ్చి పేర్లడిగాడు. తూదా నలభై చిల్లర పేర్లు చదివింది. ఆయన నవ్వాడు. "తూదా, లెక్క రాదా నీకు?"

"వస్తుంది హాజీ. లోగడ వరసలోంచి ఎవరు పోయినా ఇంకొకరు సంతోషించేవారు. ఇప్పుడు ఎవరూ సంతోషించడం లేదు. ఎవర్ని తీయను?"

"యామ్నాను తియ్యి!"

"ఆవిడకు వినపడేలా మీరే చెప్పండి" అంది రఖూష్. యామ్నా వచ్చి హాజీ ముందు నిలబడి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, మర్యాదగా ఎదురుచూసింది. హాజీ గట్టిగా అరిచాడు. ఇంకా గట్టిగా అరిచాడు. చుట్టూ ఆడవాళ్ళ నవ్వు వినపడి, మెడలో టేపు తీసి జేబులో పెట్టుకున్నాడు. అధికారికి కబురు వెళ్ళిపోయింది, బ్యానరు మీద తన పేరూ పెద్దక్షరాలతో అచ్చయిపోయింది. ఆడవాళ్ళు లేకపోతే మిగిలేది బ్యానరే.

ఉత్సవం నాడు స్టేజీ మీద కుర్చీలు వేశారు. అధికారీ, హాజీ, బావమరుదులూ ఎక్కి కూర్చున్నారు. కింద నేల మీద గడ్డిమంట వేసి మగవాళ్ళు డప్పులు కాచుకున్నారు. నలభై చిల్లర ఆడవాళ్ళు ఎర్రటి తలగుడ్డలతో, వెండితో, భుజానికి భుజం ఆనించి నిలబడ్డారు. సందు ఎక్కడా లేదు. యామ్నా మాత్రం ఎప్పట్లాగే ఇంకోవైపుకు ఊగింది.

మొదట తూదా, పక్కన కెల్తూమా. తూదా గొంతు సవరించుకుంది.

"శ్రుతి దించి ఎత్తు" అంది కెల్తూమా పెదవి కదపకుండా.

"నా పాట నాకు చెప్తావా?"

"పోయినేడు మధ్యలోనే ఊపిరి అయిపోయింది నీకు. ముగ్గురు అవతల ఉన్నా వినపడింది."

"డాబా మీంచి చూసి నవ్వేదానికి అన్నీ వినపడతాయి."

"శవం దగ్గరికి రానిదానికి ఏదీ వినపడదు."

డప్పులు మొదలయ్యాయి. తూదా పాటను కొంచెం దించే ఎత్తింది. పాదం చివర కెల్తూమా దాన్ని అందుకుంది. అందుకుంటూ తన భుజంతో తూదా భుజాన్ని నొప్పి పుట్టేలా ఒక్క తోపు తోసింది. తూదా అంతకంటే గట్టిగా తిరిగి తోసింది. ఆ ఊపుకు వరస వరసంతా ఒకేసారి ఎడమకు వంగింది. స్టేజీ మీద అధికారి చప్పట్లు కొట్టాడు.