కాల్లో పగడం

కోపం తగ్గుతుందని అమ్మ అన్నయ్య వేలికి పగడపు ఉంగరం చేయించి తొడిగింది. ఎనభైల్లో ఒక వేసవి, ఆగిరిపల్లి మామిడితోటలో చిన్నరసాలు ముదరకుండానే కోయించానని, ఆ ఉంగరం చేత్తోనే గునపం ఎత్తి నా కాలి మీద కొట్టాడు. ఎముక నుజ్జయింది.

ఎముక పోయినచోట సముద్రపు పగడం ముక్క పెడతానన్నాడు బెజవాడ డాక్టరు. అమ్మ చేతులు జోడించింది.

"వద్దండీ, వీడి జాతకానికి పగడం పడదండీ!"

"ఇది ఉంగరం కాదమ్మా. దీన్నిండా సన్నటి చిల్లులుంటాయి. వాటిల్లోకి కొత్త ఎముక పెరుగుతుంది."

నిజంగానే పెరిగింది. నెలల తర్వాత నేను చేతికర్ర వదిలేసి నడిచిన రోజు, అన్నయ్య నవ్వుతూ "ఎలా ఉందిరా కాలు?" అన్నాడు. ఆ కాలితోనే గుండెల మీద తన్నాను. వెల్లకిలా పడ్డాడు.

లోపల్నుంచి పరుగెత్తుకొచ్చిన అమ్మ నెత్తి బాదుకుంది.

"చెప్పానా, వీడికి పగడం పడదని!"