చివరి గది బెల్లు

మా పెద్దమ్మాయి నర్సు. నేను కోతలు కోసే మనిషినని మా వీధంతా చెప్పుకుంటారు గానీ, ఈ సంగతిలో కోయడానికి పెద్దగా ఏమీ లేదు.

ఆసుపత్రిలో నర్సు రాసే రాతకు ఒక కట్టుబాటు ఉంది. కంటితో చూసిందే రాయాలి. రోగి కళ్లు మూసుకుంటే నిద్రపోతున్నాడని రాయకూడదు. కళ్లు మూసుకుని ఉన్నాడు, పిలిస్తే పలకలేదు అని రాయాలి. ఎందుకు పలకలేదో డాక్టరు తేల్చుకుంటాడు. ఏళ్ల తరబడి ఆ రాత రాసీ రాసీ మా అమ్మాయి మాట కూడా అలాగే తయారైంది. "అన్నం ఎలా ఉందే?" అంటే, "తిన్నాను నాన్నా, ప్లేటు ఖాళీ అయింది" అనేది.

వాళ్లమ్మ పోయాక అది మరీ ముదిరింది. మా ఆవిడ పోయింది ఆ ఆసుపత్రిలోనే, మా అమ్మాయి పనిచేసే వార్డులోనే, చివరి గదిలో. అమ్మాయి ఏడవలేదు. నేనూ ఏడవలేదు. సాయంత్రాలు ఇద్దరం సౌండు తగ్గించిన టీవీ ముందు కూర్చునేవాళ్లం. ఫ్రిజ్ మోటారు ఆగినప్పుడు మాత్రం ఇద్దరం తల తిప్పేవాళ్లం.

వార్డు వదిలేసి కాలేజీలో పాఠాలు చెప్పుకుందామని, డ్యూటీ చేస్తూనే పై చదువుకు చేరింది. ఆఖరున ఒక పరిశోధన వ్యాసం రాయాలి. రోగి బెల్లు నొక్కితే నర్సు వెళ్లడానికి ఎంతసేపు పడుతోందన్న విషయం తీసుకుని, తన వార్డునే గమనించి రాసింది. వ్యాసం తిరిగొచ్చింది. దాన్ని చూసే గైడును మేం ఎర్ర పెన్ను మేడమ్ అనేవాళ్లం. ఆవిడ మొదటి పేజీ మీదే రాసింది: "చూసింది చక్కగా రాశారు. దాన్నిబట్టి ఏం తేలింది? అది లేనిదే నేను సంతకం పెట్టలేను." సంతకం లేకపోతే డిగ్రీ లేదు, కాలేజీ ఉద్యోగమూ లేదు. మళ్లీ అదే వార్డు, రోజూ ఆ గది ముందునుంచే నడక.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద ఆ కాగితాలు పరుచుకుని కూర్చుంది.

"ఏం రాశావో చెప్పు," అన్నాను.

"చివరి గది బెల్లుకు ఆలస్యంగా వెళ్తున్నారు. మిగతా గదులకు త్వరగా వెళ్తున్నారు."

"ఎందుకూ?"

"ఎందుకో రాయడం మా పని కాదు నాన్నా."

"ఇప్పుడు నువ్వు నర్సువి కాదే తల్లీ, స్టూడెంటువి. మా కాన్వెంటులో ఒక సిస్టరు ఉండేది. వాన పడుతోంది అని రాస్తే, పడితే ఏమైందిరా అని గొడుగుతో పొడిచేది. ఆ పోటుకి మా క్లాసులో ఒకడికి ఇంగ్లీషులో కలలొచ్చేవి. వాళ్లమ్మ డిక్షనరీ పక్కన పెట్టుకుని వాణ్ణి నిద్రలేపేది."

"చాల్లే నాన్నా." నవ్వలేదు గానీ పెన్ను మూత తీసింది. "చివర కదా. దూరం వల్లేమో."

"రాసెయ్. పీడ వదుల్తుంది."

రాయబోయి ఆగింది. కాగితం మీద వార్డు గీసింది. మధ్యలో నర్సుల బల్ల, అటూ ఇటూ గదులు. "రెండో చివర స్టోరు పక్క గది కూడా అంతే దూరం. అటు పరిగెత్తుతాం. దూరం కాదు."

"డ్యూటీలు మారే వేళేమో. అప్పుడు ఎవరి సంచీ వాళ్లు వెతుక్కుంటారుగా."

"డ్యూటీలు మారని వేళల్లోనూ ఇంతే. అదీ కాదు."

"ఊరికే నొక్కుతారని అనుకుంటారేమో. మీ అమ్మ నొక్కేది కదా, కిటికీ వేశారా అని అడగడానికి."

పెన్ను కొన ఆ చివరి గది మీద ఆనించి, దాన్నే చూస్తూ కూర్చుంది.

"స్టోరు పక్క గదిలో ఆపరేషనైన వాళ్లుంటారు," అంది. "వెళ్తే చేతికి పని ఉంటుంది. కట్టు మార్చాలి, సెలైన్ చూడాలి. చివరి గదిలో ఉండేది ఇక చెయ్యడానికేం లేనివాళ్లు. వెళ్లి నిలబడాలి, అంతే. ఖాళీ చేతులతో నిలబడాలంటే కాళ్లు సాగవు."

"ఎవరికి?"

"ఎవరికీ. నాకూ. అమ్మ ఉన్నప్పుడు ట్రే పట్టుకుని వెళ్లేదాన్ని. ట్రేలో ఏమీ ఉండేది కాదు."

కరెంటు బిల్లు గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. నేనూ అలాగే విన్నాను.

"ఇది నీ ఊహ అని మేడమ్ అంటే?" అన్నాను.

"అంటుంది. అందుకే చూడాలి." కాగితాలు తిరగేసింది. "ఇదిగో, మంచినీళ్ల జగ్గులు మార్చే వేళ చివరి గదికీ ఆలస్యం లేదు. చేతిలో జగ్గు ఉందిగా. కానీ నేను చూసింది ఒక్క వార్డే. అన్నిచోట్లా ఇంతేనని చెప్పలేను. అది కూడా రాస్తాను."

తన సంగతితో సహా అంతా రాసింది. మేడమ్ సంతకం పెట్టింది. వ్యాసం చదివిన హెడ్ నర్సు మాత్రం ఊరుకోలేదు.

"ఇన్నేళ్లు ఒకే టిఫిన్ బాక్సులో తిన్నాం. ఇలా బజారుకెక్కిస్తావా మమ్మల్ని?" అందట.

"నన్ను కూడా ఎక్కించుకున్నాను కదక్కా," అందట మా అమ్మాయి.

అమ్మాయి వార్డు వదిలే రోజున ఆ హెడ్ నర్సు సెలవు పెట్టేసింది. ఆ సంగతి మా అమ్మాయి బట్టలు మడతపెడుతూ చెప్పింది.

"బాధగా ఉందా?" అన్నాను.

"ఏమీ అనిపించట్లేదు నాన్నా. ఎందుకు అనిపించట్లేదో మాత్రం ఇప్పుడు తెలుస్తోంది. చేతిలో దుప్పటి ఉందిగా."

నేను దుప్పటి రెండో కొన పట్టుకున్నాను.