కేదారం దారిలో పోలమ్మత్త

కర్పూరం వాసన తగిలితే నాకు దేవుడు గుర్తుకు రాడు. మొన్న అరసవల్లి గుడిలో హారతి పళ్లెం ముందుకు వచ్చినప్పుడు అందరూ కళ్లకద్దుకున్నారు. నేను మాత్రం ఒకడుగు వెనక్కి వేసి గోడ పట్టుకున్నాను. ఆ వాసనతో పాటే నోట్లోకి ఇనుము రుచి వచ్చింది, చెవుల్లో హోరు మొదలైంది, మంచు కప్పిన తెల్లటి వాలు కళ్ల ముందు నిలిచింది. ఆ వాలు మీద నా మణికట్టు పట్టుకుని నిలబడిన మనిషి పేరు పోలమ్మ. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. మా పిల్లలెవరూ ఆవిడను చూడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అరవైల చివర్లో కళింగపట్నం ప్రాథమిక పాఠశాలలో నా మొదటి ఉద్యోగం. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. పోలమ్మత్త ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆవిడకు యాభై దాటి ఉంటాయి. ఇసుకలో చేపలు ఎండబెట్టి, గంపకెత్తుకుని ఊరూరా తిరిగి అమ్మేది. భర్త రాములు అప్పటికి తొమ్మిదేళ్ల కిందట సముద్రం మీద చేపల వేటకు వెళ్లి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. శవం కంటితో చూడలేదు గనక, ఆయన పోయాడని ఒప్పుకోవడానికి ఆవిడకు చాలా కాలం పట్టిందని ఇరుగుపొరుగు చెప్పారు. ఆవిడ మాత్రం ఆయన మాట ఎత్తేది కాదు. ఒకరోజు నేను పలకలు దిద్దుకుంటుంటే గుమ్మంలోకి వచ్చి కూర్చుంది.

"పంతులమ్మా, కేదారం ఎల్దామేటి?"

"నేనెందుకత్తా?"

"నువ్వు ఇందీ సదివినావు, నీకు నోరుంది. నాకు కాళ్లున్నాయి. ఇద్దరం కలిస్తే ఒక మడిసి."

నవ్వేశాను. కాని ఆ వేసవి సెలవుల్లో శ్రీకాకుళం నుంచి బయల్దేరిన ఒక యాత్రికుల జట్టుతో కలిసి ఆమదాలవలసలో రైలెక్కాం.

రైళ్లు, బస్సులు అయ్యాక హిమాలయాల్లో నడక మొదలైంది. మొదటి రోజు బాగానే ఉన్నాను. హుషారుగా అందరికంటే ముందు నడిచాను కూడా. పోలమ్మత్త వెనక నుంచి, "పందేనికొచ్చినావేటే, మెల్లగా నడు," అని కేకేసింది. వినలేదు. రెండో రోజు ఉదయం లేచేసరికి కణతల్లో ఎవరో మేకులు దిగ్గొడుతున్నట్టుంది. తిన్న రొట్టె కక్కేశాను. జట్టులో ఒకావిడ కర్పూరం గుడ్డలో మూటకట్టి ఇచ్చి, ఇది వాసన చూస్తూ నడిస్తే ఊపిరి ఆడుతుందని చెప్పింది. చూస్తూ నడిచాను. పది అడుగులకోసారి ఆగాల్సి వచ్చింది. మధ్యాహ్నానికి జట్టంతా ముందుకు వెళ్లిపోయింది. పొగమంచు దిగింది. ఆ తెలుపులో నేనూ పోలమ్మత్తా మిగిలాం.

తర్వాత జరిగింది నాకు రెండు రకాలుగా తెలుసు. నాకు గుర్తున్నది ఒకటి, ఆవిడ చెప్పింది ఒకటి. నాకు గుర్తున్నంతలో, నొప్పి ఒక్కసారిగా పోయింది. ఒళ్లంతా హాయిగా వెచ్చబడింది. పొగమంచు అవతల సముద్రం హోరు వినిపించింది. మా కళింగపట్నం సముద్రమే. అలకూ అలకూ మధ్య ఆ కాస్త ఎడం కూడా నాకు తెలుసు. కాళ్ల కింద ఇసుక కాలుతోంది. ఇంటికి వచ్చేశాం కదా, ఈ దుప్పటెందుకని తీసి పారేశాను. బూట్లు విప్పుకోవడానికి కూర్చున్నాను. ఆవిడ చెప్పిన ప్రకారం, నేను మంచులో కూర్చుని నవ్వుతున్నాను. పెదాలు నేరేడు పళ్లలా అయిపోయాయి. "అత్తా, అల వస్తోంది, పక్కకు రా," అని అంటూనే ఉన్నానట.

అప్పుడే గుడి వైపు నుంచి ఒక కొండమనిషి దిగుతూ వచ్చాడు. నా కళ్లలోకి చూసి హిందీలో గట్టిగా ఏదో చెప్పాడు. అలాంటి చోట మాట్లాడడానికే నన్ను తెచ్చుకుంది ఆవిడ. తీరా నేను ఆ మనిషిని చూసి అలల గురించి చెబుతున్నాను. అతను చేత్తో కిందికి చూపించాడు. మళ్లీ మళ్లీ కిందికే చూపించాడు. ఆ ఒక్క సైగ చాలింది ఆవిడకు. ఇంకో అరగంట నడిస్తే గుడి. పొగమంచు విడిపోయినప్పుడు గుడి శిఖరం కనిపించిందని జట్టులోవాళ్లు తర్వాత చెప్పారు కూడా. పోలమ్మత్త ఆ శిఖరం వైపు చాలాసేపు చూస్తూ నిలబడిపోయింది. అది మాత్రం నాకు స్పష్టంగా గుర్తుంది. చూడడం కాదు, ఎవరి మాటో వింటున్నట్టు తల పక్కకు వంచింది. పెదాలు కదిలాయి. ఒకడుగు పైకి వేసింది కూడా. అంతలో ఆవిడ చెయ్యి నా మణికట్టు మీద బిగుసుకుంది, ఎముక నొప్పెట్టేంతగా.

"లెగు," అంది. "దిగిపోదాం. ఎనక్కి సూడకు."

దిగే దారంతా నన్ను సగం నడిపించింది, సగం ఈడ్చింది. కూర్చుంటానంటే చెంప మీద కొట్టింది. నా పేరు, మా ఊరు, మా అమ్మ పేరు అడుగుతూనే ఉంది. తప్పు చెబితే మళ్లీ అడిగింది. చీకటి పడకముందే చెట్లు కనిపించేంత కిందికి వచ్చేశాం. అక్కడ నాకు ఊపిరి అందింది. సముద్రం ఆగిపోయింది. చలి తెలిసి ఏడ్చాను.

మర్నాడు ఉదయం సత్రం అరుగు మీద, వేడి టీ గ్లాసు పట్టుకుని ఎండలో కూర్చున్నాం. నాకు తల తేలికపడింది. సిగ్గుగా ఉంది.

"అత్తా, జట్టు రేపటికి గాని దిగదు. నువ్వు వెళ్లి దర్శనం చేసుకుని రా. నేనిక్కడ ఉంటాను."

ఆవిడ టీ ఊదుకుంది. తర్వాత మామూలు గొంతుతోనే చెప్పింది.

"నిన్న ఆడు ఒచ్చినాడు."

"ఎవరు?"

"రాములు మావ. పైన నిలబడున్నాడు. ఒల్లంతా తడిసిపోయున్నాది. 'పోలమ్మా, పోలమ్మా, రా' అని పిలిసినాడు."

నేను సముద్రం విన్నట్టే ఇదీ ఆ ఎత్తులో గాలి చాలక కలిగిన భ్రమే అయి ఉంటుందని చెప్పబోయాను. ఆవిడ వినిపించుకోలేదు.

"ముప్పై ఏళ్లు కాపరం సేసినాను. ఒక్క దినమైనా నన్ను పేరెట్టి పిలవనేదు. 'ఒసే' అనీవోడు, అంతే. మరి పేరెట్టి పిలిసినోడు ఎవుడు?"

అరుగు కింద కంచరగాడిద మెడలో గంట మోగింది.

"తెలిసీ ఎల్లిపోదును, పంతులమ్మా. మొకం ఆడిదే. నీ సెయ్యి నా సేతిలో ఉండిపోనాది."

"ఇప్పుడు నేను బాగానే ఉన్నాను కదా. ఇవాళ వెళ్లు. దేవుణ్ణి చూసి రా."

ఆవిడ నా వైపు తిరిగింది. అంతవరకు ఆ కళ్లలో భయం నేనెప్పుడూ చూడలేదు.

"ఇయాల 'ఒసే' అని పిలిస్తే?" అంది. "అప్పుడు నాను తిరిగి రాలేను."

వెళ్లలేదు. ఊరికి తిరిగి వచ్చిన రోజు వీధిలో ఆడవాళ్లంతా మా కాళ్లు కడిగి దండం పెట్టడానికి చెంబులతో నీళ్లు తెచ్చారు. ఏం చెప్పాలో నేను దారంతా ఆలోచించుకున్నాను. గుడి ఎలా ఉందో, లింగం ఎలా ఉందో జట్టువాళ్లను అడిగి తెలుసుకుని పెట్టుకున్నాను. ఒక ముసలావిడ వంగి, "సామి ఎలాగున్నాడే?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా పోలమ్మత్త జవాబు చెప్పింది.

"సూడనేదు. పిల్లకి బాగోనేదు, దిగిపోనాం."

ముసలావిడ వంగినదల్లా లేచింది. కొందరు చెంబులు పట్టుకుని వెళ్లిపోయారు. పోలమ్మత్త ఆ నీళ్లతో తనే కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లి గంప దులిపింది. అబద్ధం సిద్ధం చేసుకున్న నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

చాలా ఏళ్ల తర్వాత, హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్నప్పుడు, ఆడపిల్లల్ని మహేంద్రగిరికి తీసుకెళ్లాను. అంత ఎత్తేం కాదు అది. శిఖరం దగ్గర్లో ఉండగా పొగమంచు కమ్మింది, ఒక పిల్లకు ఆయాసం పట్టుకుంది. అందరినీ వెనక్కి తిప్పాను. కొందరు ఏడ్చారు, తోటి టీచర్లు సణిగారు. మర్నాడు తల్లిదండ్రులు అడిగితే, చూడలేదు, దిగిపోయామని చెప్పాను. అలా చెప్పడం నాకు పోలమ్మత్తే నేర్పింది.

ఆ రోజు దిగుతుంటే నా చెయ్యి పట్టుకున్న ఆ పిల్ల ఆగి, పొగమంచులోకి తల తిప్పబోయింది.

"టీచర్, పైన ఎవులైనా ఉన్నారేటి?"

"తెలీదమ్మా," అన్నాను, చెయ్యి గట్టిగా పట్టుకుని. "ఉంటే ఉండనీ. మనం కిందికి పోదాం."